లిస్బన్‌లో ఒక్క మంచి భోజనం: ఏ మేజా దగ్గర కూర్చోవాలి?

లిస్బన్ వెళ్తున్న మనవాళ్ళు నన్ను అడిగేది చాలావరకు ఒకటే. "మిగతా పూటలు ఏదో ఒకటి తినేస్తాం. ఒక్క రాత్రి మాత్రం కాస్త డబ్బు పెట్టి మంచిచోట తిందామని ఉంది. ఎక్కడికి వెళ్ళమంటారు?" అడిగేసరికే వాళ్ళ ఫోన్‌లో బెల్‌కాంతో పేజీ తెరిచి ఉంటుంది. మిషెలిన్ అనే హోటళ్ళ గైడు ఇచ్చిన రెండు నక్షత్రాలు, మనిషికి 200 యూరోలు దాటే మెనూ. అవునో కాదో చెప్పేస్తే బుక్ చేసేసుకుంటారు.

నేను అవునూ అనను, కాదూ అనను. "బకల్యావ్ ఆ బ్రాస్ తిన్నారా?" అని అడుగుతాను. అక్కడి ఉప్పుచేప, గుడ్డు వంటకం అది. లేదంటే, ముందు అది తినేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం అంటాను.

ఇది నా పైత్యం కాదు. లిస్బన్‌లో ఇప్పుడు పేరున్న షెఫ్‌లు చాలామంది చేసేది బొత్తిగా కొత్త వంట కాదు. తమ అమ్మమ్మలు వండినదాన్నే విడదీసి, మళ్ళీ ఇంకోలా కూర్చి, పెద్ద పళ్ళెంలో చిన్న ముద్దగా పెడతారు. అవధానంలో సమస్యాపూరణం లాంటిదన్నమాట. పృచ్ఛకుడు ఇచ్చిన పాదం వినకుండా, ఆలస్యంగా వచ్చి పూరణ ఒక్కటే విన్నవాడికి పద్యం బాగానే ఉంటుంది గానీ, సభంతా ఎందుకు చప్పట్లు కొడుతోందో తెలియదు. ఎవరో గోంగూర పచ్చడిని ఐస్‌క్రీములా గడ్డకట్టించి, పక్కన ఒక ఉల్లిరేకు నిలబెట్టి, పైన నాలుగు మెతుకులు కరకరలాడేలా వేయించి చల్లారనుకోండి. మీరూ నేనూ పగలబడి నవ్వి, తర్వాత కళ్ళు మూసుకుని తింటాం. గోంగూర ఎరగని స్వీడన్ మనిషి "పుల్లటి ఐస్‌క్రీం, బాగుంది" అంటాడు. లిస్బన్‌లో ఆ స్వీడన్ మనిషి మనమే.

సమస్య: టాస్కాలో తినాల్సినవి

టాస్కా అంటే పేటలో ఉండే చిన్న భోజనశాల. బల్ల మీద కాగితం పరుస్తారు. ఆ రోజు వంటకం, "ప్రాతు దు దియా", బయట పలక మీదో కాగితం మీదో రాసి ఉంటుంది. 10 నుంచి 15 యూరోల్లో మధ్యాహ్న భోజనం అయిపోతుంది. మెనూలో ఒక్కో వంటకానికి రెండు ధరలు కనిపిస్తే కంగారు పడకండి. "దోజ్" అంటే పూర్తి వడ్డన, చాలాసార్లు ఇద్దరికి సరిపోతుంది. "మెయా దోజ్" అంటే సగం, ఒక మనిషికి దండి.

ఇక బకల్యావ్. ఎండబెట్టిన ఉప్పు కాడ్ చేప. పోర్చుగల్‌కి అంత సముద్రతీరం ఉన్నా, ఈ చేప మాత్రం వాళ్ళ నీళ్ళలో దొరకదు. శతాబ్దాలుగా న్యూఫౌండ్‌లాండ్ వైపు నుంచి, నార్వే నుంచి ఉప్పులో ఊరి వస్తోంది. ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెడితే గానీ నోట పెట్టలేం. ఎండుచేప అనగానే మన కోస్తావాళ్ళకి కలిగే ఆశని కాస్త అదుపులో పెట్టుకోండి. నానిన తర్వాత దీనికి ఆ ఘాటు వాసన ఉండదు, రేకులు రేకులుగా విడిపోయే మెత్తదనం వస్తుంది. "ఆ బ్రాస్" పద్ధతిలో ఆ రేకుల్ని ఉల్లిపాయతో వేయించి, అగ్గిపుల్లల్లా తరిగి వేయించిన బంగాళదుంపలు కలిపి, గుడ్లు కొట్టి పోసి, గుడ్డు గట్టిపడీ పడకముందే దించేస్తారు. పైన నల్ల ఆలివ్‌లు, పార్స్‌లీ. బైరు ఆల్తు పేటలో బ్రాస్ అనే సారాయి కొట్టు ఆయన మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. చూడ్డానికి గుడ్డు పొరటులా ఉంటుంది. అదే మీకు ఇచ్చిన పాదం. గుర్తుపెట్టుకోండి.

దానితోపాటు ఇంకో రెండు మూడు రుచి చూస్తే సగం లిస్బన్ మెనూలు చదవడం వచ్చేసినట్టే. ఒకటి "పోల్వు ఆ లాగరేయ్‌రు": ఆలివ్ నూనెలో కాల్చిన ఆక్టోపస్, గుద్ది పగలగొట్టిన బంగాళదుంపలు. రెండు, "అరోజ్" (అన్నం) అని మొదలయ్యే ఏదో ఒకటి. యూరప్‌లో తలసరి అన్నం ఎక్కువ తినేది పోర్చుగీసులే. వాళ్ళ సముద్రపు అన్నం పొడిపొడిగా ఉండదు. మన జావకీ పొంగలికీ మధ్యలో ఎక్కడో ఉండి, పళ్ళెంలో జారుతుంది. "పొలుకుగా లేదేమిటి" అని ముఖం చిట్లించకండి, అలా జారడమే దాని గొప్ప. మూడు, అలెంతేజు ప్రాంతపు "అసోర్ద". నిన్నటి రొట్టె, దంచిన వెల్లుల్లి, ఉప్పు, గుప్పెడు కొత్తిమీర, ఆలివ్ నూనె, మరిగే నీళ్ళు, పైన నీళ్ళలో ఉడికించిన గుడ్డు. మా అత్తగారు గుడ్డు లేకుండా తెప్పించుకుని రెండు చెంచాలు తిని, "ఇది వాళ్ళ చద్దన్నం కదూ బాబూ" అన్నారు. అంతకన్నా సరైన వివరణ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. పక్క దేశాల వంటవాళ్ళు పెద్దగా పట్టించుకోని కొత్తిమీరని ఈ దేశం దక్షిణాన కట్టలకి కట్టలు వాడతారు. మొదటి రోజే మన ముక్కుకి సొంత ఊరిలా అనిపించడానికి అదే కారణమేమో.

ఒక హెచ్చరిక. కూర్చోగానే అడక్కుండానే రొట్టె, వెన్న, ఆలివ్‌లు, ఒక్కోసారి జున్ను (చీజ్) తెచ్చి పెడతారు. దీన్ని "కూవేర్" అంటారు. మన దగ్గర ఉల్లిపాయ, నిమ్మచెక్క లెక్కలో రావు కాబట్టి మనం ధీమాగా తినేస్తాం. ఇక్కడ ప్రతిదానికీ ధర ఉంటుంది. అడగనిదాన్ని, మీరు ముట్టుకోనిదాన్ని బిల్లులో వేయకూడదన్నది అక్కడి చట్టం. అక్కర్లేకపోతే నవ్వుతూ "నావ్, ఒబ్రిగాదు" అని వెనక్కి పంపెయ్యండి. ఆడవాళ్ళయితే "ఒబ్రిగాదా". ఎవరూ ఏమీ అనుకోరు.

కారం విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మిరపకాయని ఓడల్లో మన దేశానికి తెచ్చినవాళ్ళు వీళ్ళే. గోవాలో దించేసి, వాళ్ళు మాత్రం చప్పగా తింటున్నారు. టాస్కాలో అడిగితే "పిరి పిరి" సీసా తెచ్చిపెడతారు, ధైర్యంగా వేసుకోండి. నక్షత్రాల చోట మాత్రం కారప్పొడి పొట్లం హోటల్ గదిలోనే వదిలి రండి. అక్కడ డబ్బు పెట్టేది వాళ్ళ చేతి ఉప్పు ఎలా ఉంటుందో చూడ్డానికి.

రెండు నక్షత్రాలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. బెల్‌కాంతో షియాదు పేటలో, సావ్ కార్లుష్ ఒపేరా భవనానికి దగ్గర్లో ఉంది. పేరు కూడా ఆ పాటకచేరీల నుంచి వచ్చిందే. 1958 నుంచి ఉన్న పాత చోటు. 2012లో షెఫ్ జోసె అవిలెజ్ దాన్ని తన చేతిలోకి తీసుకుని కొత్తగా తెరిచాడు. అదే ఏడాది మొదటి నక్షత్రం, 2014లో రెండోది. లిస్బన్‌లో రెండు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి హోటల్ అదే. అవిలెజ్ స్పెయిన్‌లోని ఎల్ బుల్లి అనే పేరుమోసిన హోటల్లో కొంతకాలం పని నేర్చుకున్నాడు. ఆ శిష్యరికం పళ్ళెంలో కనిపిస్తుంది. ఆలివ్‌లా కనిపించేది నోట్లో పెట్టుకోగానే పటుక్కున పగిలి రసం అయిపోతుంది. బాగా పేరుపడ్డ వంటకం "బంగారు గుడ్లు పెట్టే కోడి తోట": తక్కువ వేడి మీద మెల్లగా ఉడికిన గుడ్డుకి బంగారు రేకు చుట్టి ఇస్తారు. కథ తెలిసిన పిల్లలకి సైతం నవ్వు వస్తుంది. "సముద్రంలో మునక" అని ఇంకోటి ఉంది: సీబాస్ చేప, సముద్రపు నాచు, ఆల్చిప్పలు. తినేవాడికి అల తగిలినట్టు ఉండాలని దాని ఉద్దేశం, నిజంగానే అలాగే ఉంటుంది.

అల్మా అనే హోటల్ కూడా షియాదులోనే. 1732లో మొదలైన బెర్‌త్రాండ్ పుస్తకాల దుకాణంవాళ్ళ పాత గోదాములో దాన్ని పెట్టారు. ఎన్రిక్ సా పెసోవా దానికి రెండు నక్షత్రాల దాకా పేరు తెచ్చాడు. ఆయన అక్కడ వండినవాటిలో "కల్సాద ద బకల్యావ్" ఒకటి. కల్సాద అంటే లిస్బన్ వీధుల్లో మీ కాళ్ళకింద కనిపించే నలుపు తెలుపు రాళ్ళ పరుపు. వాన పడితే జర్రున జారే ఆ రాళ్ళే. పళ్ళెంలో అదే వీధి: కాడ్ చేప, ఉల్లిపాయ ముద్ద, గుడ్డు సొన. ఇది చదవగానే మీకు ఏదో గుర్తొచ్చి ఉండాలి. కాడ్, ఉల్లి, గుడ్డు. అంటే టాస్కాలో మీరు తిన్న ఆ పొరటే, వీధి వేషం కట్టుకుని వచ్చింది. అంతకుముందు పొద్దున 12 యూరోలు పెట్టి అసలుది తిని ఉంటే, ఇలాంటి పళ్ళెంలో మీకు రెండు రుచులు ఒకేసారి తగులుతాయి. తినకపోతే ఒకటే. అదే డబ్బు, సగం భోజనం.

రెండింటిలో ఏది? గారడీ, ఆశ్చర్యం, "ఇదెలా చేశారు" అనే సరదా మీకు ఇష్టమైతే బెల్‌కాంతో. రుచి ముందు రావాలి, వేషం తర్వాత రావాలి అనుకుంటే అల్మా తరహా. అయితే ఒక మాట. ఈ వృత్తిలో షెఫ్‌లు మారిపోతుంటారు, పేరు మాత్రం గుమ్మం మీద ఉండిపోతుంది. బుక్ చేసేముందు ఇప్పుడు వంటింట్లో ఎవరున్నారో ఒక్కసారి చూసుకోండి. సంగీత కచేరీకి టికెట్టు కొనేటప్పుడు పాడేది ఎవరో చూసుకోమా?

ఈ మెట్టు మీద ఎవరు కూర్చోకూడదో కూడా చెప్పాలి. పిల్లలు ఉన్నవాళ్ళు. మూడు గంటలు పట్టే భోజనం ఇది. పదేళ్ళ మా అబ్బాయి ఐదో పళ్ళెం దగ్గర నా చొక్కా లాగి, "నాన్నా, అన్నం ఎప్పుడు పెడతారు?" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ రోజే లిస్బన్‌లో దిగి, నిద్ర చాలనివాళ్ళు కూడా వద్దు. కొండలెక్కి, ట్రాములు పట్టుకుని, సాయంత్రం నడుం విరిగినవాళ్ళు కూడా వద్దు. వెళ్ళాలనే పట్టుదల ఉంటే, మధ్యాహ్నం తెరిచే చోట మధ్యాహ్నమే వెళ్ళండి. తిన్నాక నది ఒడ్డున రెండు గంటలు నడవొచ్చు, రాత్రికి ఏమీ తినక్కర్లేదు. రాత్రి 8 గంటలకి మొదలుపెట్టి 11కి లేచి పడుకుంటే, కడుపు పొద్దున దాకా మీతో మాట్లాడుతూనే ఉంటుంది.

వైన్ సంగతి. ఒక్కో పళ్ళానికి ఒక్కో గ్లాసు జత కట్టే పద్ధతి తీసుకుంటే, ఈ స్థాయిలో మనిషికి ఇంకో వంద యూరోల పైమాటే. ఆ సరదా నిజంగా ఉన్నవాళ్ళకి ఇది మంచి దేశం. 250కి పైగా సొంత ద్రాక్ష రకాలున్నాయి. దోరు లోయని 1756లోనే హద్దులు గీసి వైన్ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ పోర్ట్ వైన్‌ని కొలిచే పీపా 550 లీటర్లు. ఆ కొలతని వాళ్ళు "పీప" అనే అంటారు. మన నూనె పీపాకి ఆ పేరు ఇచ్చినవాళ్ళు వాళ్ళే. మేజాబల్లలో మేజా, తువ్వాలు, అల్మారా, చొక్కా బొత్తాం కూడా అక్కడివే. వాళ్ళ భాషలో "మేజ" అంటేనే బల్ల. మనం దాని పక్కన ఇంకో బల్ల తగిలించి మేజాబల్ల అంటున్నాం. తాగనివాళ్ళు మొహమాటపడి జత కట్టించుకోవద్దు. చాలాచోట్ల పళ్ళరసాలతో, మూలికలతో మద్యం లేని జత కూడా ఇస్తారు, బుకింగ్ అప్పుడే అడగండి.

మధ్య మేజా: నా ఓటు ఇక్కడికే

నన్ను అడిగేవాళ్ళలో పదిమందిలో ఎనిమిదిమందిని నేను ఇక్కడికే పంపిస్తాను. టాస్కా కన్నా ఒక మెట్టు పైన, నక్షత్రాల కన్నా ఒక మెట్టు కింద. మనిషికి సుమారు 40 నుంచి 60 యూరోలు, ఎంత తాగుతారన్నదాన్ని బట్టి. పళ్ళాలు మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకోవచ్చు. నాకైతే అదే పెద్ద ఆకర్షణ. నలుగురు తెలుగువాళ్ళు కూర్చున్న చోట ఒకరి కంచంలోది ఇంకొకరు రుచి చూడకుండా ఉండలేరు. నక్షత్రాల చోట ఆ పని చేస్తే వడ్డించేవాడి కనుబొమ్మ ఒక పావు అంగుళం లేస్తుంది.

కాంతిన్యు దు అవిలెజ్. బెల్‌కాంతో నడిపే అవిలెజే 2011లో షియాదులో పెట్టిన చిన్న చోటు. ఇక్కడ నా ప్రశ్నకి సరాసరి జవాబు దొరుకుతుంది: రేకులుగా విడదీసిన బకల్యావ్, పొడిపొడి రొట్టె ముక్కలు, తక్కువ వేడి మీద ఉడికిన గుడ్డు, దాని మీద ఆ పేలే ఆలివ్‌లు. బ్రాస్ గారి వంటకం, ఎల్ బుల్లి గారడీ ఒకే కంచంలో. బెల్‌కాంతో ఎలా ఉంటుందో కిటికీలోంచి తొంగి చూసినట్టు ఉంటుంది. 200 యూరోలు పెట్టాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు ముందు ఇక్కడ తిని చూడండి. ఆలివ్ పగిలినప్పుడు మీకు కేరింత వస్తే పైమెట్టు మీదే. "ఇంతేనా" అనిపిస్తే మిగిలిన డబ్బుతో దగ్గర్లోని సింత్ర ఊరు వెళ్ళి రండి.

ప్రాదు. పేరుకి అర్థం పచ్చిక మైదానం. పెద్ద చర్చి దగ్గర, పాత ఫ్యాక్టరీ గదిలో ఉంటుంది. షెఫ్ అంతోనియు గలపీతు లండన్‌లో పనిచేసి వచ్చి 2017లో పెట్టాడు. ఆ రుతువులో పోర్చుగీసు పొలాల్లో, నీళ్ళలో దొరికేదే పళ్ళెంలోకి వస్తుంది. ఇక్కడ పాత వంటకాల పేర్లు వెతక్కండి, దొరకవు. సరుకు పాతది, చేయి కొత్తది. కూరగాయలకి మర్యాద ఇచ్చే చోటు కాబట్టి, కలగలుపు గుంపుకి, అంటే ఒకరు చేప, ఒకరు మాంసం, ఒకరు ఏదీ వద్దనేవాళ్ళకి, నేను దీన్నే ముందు చెప్తాను. అయితే వారసత్వ రుచుల కోసం వచ్చిన పెద్దవాళ్ళకి ఇది కాస్త చప్పగా, మరీ నాజూగ్గా అనిపించవచ్చు.

తబెర్న ద రువ దష్ ఫ్లోరెష్. చాలా చిన్న గది, మెనూ పలక మీద సుద్దతో రాస్తారు, అది రోజూ మారుతుంది. ముందుగా బుక్ చేసుకోవడం కుదరదు. వెళ్ళి నిలబడాలి, పేరు రాయించుకోవాలి, వీధిలో తిరుగుతూ ఎదురుచూడాలి. ఆంద్రె మగల్యాయ్ష్ ఇక్కడ చేసేది పాత లిస్బన్ సారాయి కొట్ల తిండినే, కానీ ఓడల వెంట ఆసియా వరకు తిరిగి వచ్చిన జ్ఞాపకంతో. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకెళ్ళకండి. ఇద్దరు స్నేహితులుగా, సాయంత్రం తెరిచే వేళకి కాస్త ముందే వెళ్తే లిస్బన్‌లో ఇంత కన్నా సంతోషమైన భోజనం కష్టం.

తాష్క ద ఎష్కీన. 2009లో వీతోర్ సోబ్రాల్ కాంపు ద ఓరిక్ పేటలో తెరిచాడు. "మూల మీది టాస్కా" అని అర్థం. పర్యాటకులు తక్కువగా వచ్చే, లిస్బన్‌వాళ్ళు కాపురాలుండే పేట. 28వ నంబరు ట్రాము ఒక చివర అక్కడే ఆగుతుంది. టాస్కా తిండే, కాకపోతే పెళ్ళికి ముస్తాబైంది. అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఈ నాలుగింటిలో నేను చెప్పేది ఇదే. వెలుతురు బాగుంటుంది, గోల మర్యాదగా ఉంటుంది, వంటకం ఏమిటో చూడగానే అర్థమవుతుంది.

ఇదే వరసలో పెట్టాలా పైన పెట్టాలా అని తేల్చుకోలేని చోటు ఇంకొకటుంది. మర్లెన్ వియెయ్‌ర తన పేరుతోనే నది ఒడ్డున, ఓడల టెర్మినల్ దగ్గర పెట్టింది. పేరు చివర కామా ఉంటుంది: "మర్లెన్," అని. వాక్యం ఇంకా పూర్తికాలేదన్నట్టు. 2025లో దానికి నక్షత్రం వచ్చింది. పక్కనే ఆవిడదే "జూన్‌జూన్" అని సరదా చోటు, ధర తక్కువ, పళ్ళాలు పంచుకోవచ్చు. ఒకే చేతి వంటని రెండు ధరల్లో పోల్చి చూడాలంటే, అవిలెజ్ తర్వాత ఇదే మంచి జంట.

శాకాహారులకి వేరే లెక్క

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పోర్చుగల్‌లో చాలామందికి "కార్న్" (మాంసం) వద్దు అంటే చేప ఉండొచ్చనే అర్థం. ఒక నక్షత్రాల చోట, పేరెందుకులెండి, మా అత్తగారికి శాకాహారం అని బుకింగ్‌లో రాశాం, ఫోన్‌లో చెప్పాం. మూడో పళ్ళెంలో వచ్చిన రసం ఆవిడ వాసన చూసి పక్కన పెట్టేశారు. అడిగితే చేప ఎముకలతో కాచిన రసమట. "మాంసం వేయలేదండీ" అన్నాడు కుర్రాడు, నిజంగా అమాయకంగా. క్షమాపణ చెప్పి ఇంకోటి తెచ్చారు గానీ, ఆవిడకి ఆ రాత్రి అక్కడితో అయిపోయింది.

కాబట్టి రెండు ముక్కలూ చెప్పాలి: "సెయ్ కార్న్, సెయ్ పెయ్ష్", మాంసం వద్దు, చేప వద్దు. రసం సంగతి విడిగా అడగాలి. గుడ్డు తినకపోతే అది మూడో ముక్క, "సెయ్ ఓవుష్". నిజం చెప్పాలంటే, గుడ్డు కూడా తినని వాళ్ళకి సంప్రదాయ పోర్చుగీసు వంటలో చోటు చాలా ఇరుకు. వాళ్ళ మిఠాయిలు చాలావరకు గుడ్డు సొన మీదే నిలబడ్డాయి. మఠాల్లో సన్యాసినులు బట్టలకి గంజి పెట్టడానికి తెల్లసొన వాడేవాళ్ళనీ, మిగిలిన పచ్చసొనతో మిఠాయిలు పుట్టాయనీ చెప్తారు.

మోసం చేసేవి మరీ రెండున్నాయి. "కాల్దు వెర్ద్", చూడ్డానికి ఆకుకూర, బంగాళదుంప కలిపిన పచ్చటి చారు. దాంట్లో ఒక సాసేజ్ ముక్క తేలుతూ ఉంటుంది, అది తీసేసినంత మాత్రాన చారు శాకాహారం అయిపోదు. రెండోది భోజనం చివర వస్తుంది. "పుదీం అబాద్ ద ప్రీష్కుష్", బంగారు రంగులో వణుకుతూ మెరిసే తీపి. దాంట్లో పోర్ట్ వైన్, పదిహేను పచ్చసొనలు, ఒక పంది కొవ్వు ముక్క. రెండూ కొత్త వేషాల్లో పెద్ద హోటళ్ళలో తరచు వస్తాయి. పందిమాంసం తినని ముస్లిం స్నేహితులు కూడా తీపి వంటకాల దగ్గర కొవ్వు గురించి తప్పక అడగాలి.

మంచి వార్తలూ ఉన్నాయి. "పెయ్షిన్యుష్ ద ఓర్త", తోటలోని చిన్న చేపలు. పేరు చూసి పారిపోకండి, దాంట్లో చేప లేదు. బీన్స్ కాయల్ని పిండిలో ముంచి వేయించిన బజ్జీలు. 16వ శతాబ్దంలో పోర్చుగీసులు ఈ పద్ధతిని జపాన్ తీసుకెళ్తే అక్కడ తెంపురా అయిందంటారు. పిండిలో గుడ్డు ఉందేమో ఒక్క మాట అడిగి తెప్పించుకోండి. రెండోది, సెర్ర ద ఎష్త్రేల జున్ను. చాలా జున్నులకి దూడ కడుపులోని పదార్థంతో పాలు విరగ్గొడతారు. దీనికి మాత్రం ఒక ముళ్ళమొక్క పువ్వుతో గొర్రెపాలు విరుస్తారు. పైపొర కోసి చెంచాతో తీసుకుని తినే ఈ జున్నుని మా అత్తగారు "జుంటు తేనెలా ఉంది" అని రెండుసార్లు తెప్పించుకున్నారు.

ఇక మొత్తం బల్ల శాకాహారమే అయితే ఊగిసలాట అక్కర్లేదు, "ఆర్కె"కి వెళ్ళండి. పూర్తి శాకాహార హోటల్, 2025లో నక్షత్రం వచ్చింది. అమ్మమ్మల వంటకి పూరణ కాదు ఇది, సంప్రదాయ పోర్చుగీసు తిండితో దీనికి చుట్టరికం తక్కువ. కానీ ఏ పళ్ళెం వచ్చినా ముందు వాసన చూసి అనుమానించక్కర్లేని మూడు గంటలు విదేశంలో శాకాహారికి ఎంత విలువైనవో నేను చెప్పక్కర్లేదు. బల్ల దగ్గర ఒక్కరే శాకాహారి అయితే మాత్రం ప్రాదు మేలు. అందరూ ఆ ఒక్కరి కోసం త్యాగం చేశామని ముఖాలు పెట్టుకుని కూర్చునే భోజనం కన్నా ఇది నయం.

పోర్తో దాకా వెళ్తుంటే

క్లుప్తంగా. ఉత్తరాన పోర్తో దగ్గర లేస ద పల్మెయ్‌రలో, రాళ్ళ మీద సముద్రానికి ఆనుకుని "కాజ ద షా ద బోవ నోవ" ఉంది. వాస్తుశిల్పి అల్వారు సిజ కట్టిన టీ ఇల్లు, 1963లో పూర్తయింది. ఇప్పుడు దాంట్లో రుయి పౌల రెండు నక్షత్రాల చేపల వంట వండుతున్నాడు. కట్టడం కోసమైనా వెళ్ళొచ్చు. అలలు కిటికీ కిందే విరుగుతుంటాయి. చేప తినేవాళ్ళకి, ఒక్కటే పెద్ద భోజనం చేయాలనుకుంటే, బెల్‌కాంతో కన్నా నేను దీన్నే ముందు పెడతాను. లిస్బన్‌లో పూరణ బాగుంటుంది, ఇక్కడ సమస్య ఇచ్చిన సముద్రమే ఎదురుగా ఉంటుంది. కానీ చీకటి పడ్డాక వెళ్తే సగం డబ్బు చీకట్లో పోసినట్టే. మధ్యాహ్నం వెళ్ళండి, లేదా వేసవిలో, రాత్రి 9 దాకా వెలుతురు ఉండే రోజుల్లో.

బుక్ చేసేటప్పుడు

రెండు నక్షత్రాల చోట్లకి కొన్ని వారాల ముందే బల్ల పట్టుకోవాలి. కార్డు వివరాలు తీసుకుంటారు, ఆఖరి క్షణంలో మానేస్తే డబ్బు కోస్తారు. ఆ గడువు ఎన్ని గంటలో చదివాకే నొక్కండి. ఆది, సోమవారాల్లో చాలా చోట్లు మూసి ఉంటాయి. లిస్బన్‌లో ఉండేది శని, ఆది, సోమ మాత్రమే అయితే శనివారం రాత్రే పెద్ద భోజనం పెట్టుకోవాలి, అంటే టాస్కా శనివారం మధ్యాహ్నమే. ఆ రెండింటి మధ్య ఏమీ తినకండి, పాస్తెల్ ద నాట అనే గుడ్డు సొన తీపి కూడా. అది బెలేం పేటలో 1837 నుంచి అమ్ముతున్న కొట్టులో ఆదివారం పొద్దున తిందురుగాని.

ధరల్లో పన్ను కలిపే ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు. బాగుంటే 5 నుంచి 10 శాతం ఇస్తే సంతోషిస్తారు, ఇవ్వకపోతే వెనకనుంచి గొణగరు. బట్టల గురించి బెంగ వద్దు. నిక్కర్లు, చెప్పులు తప్ప ఏవైనా సరే. మా అత్తగారి ఉప్పాడ చీరకి ఆ రాత్రి వడ్డించేవాళ్ళందరికన్నా ఎక్కువ చూపులు వచ్చాయి.

మీ ప్రయాణం జూన్ 12 రాత్రి లిస్బన్‌లో పడిందనుకోండి. మర్నాడు సెయింట్ ఆంటనీ పండగ. ఆ రాత్రి అల్ఫామ పేట సందుల్లో ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి, దాని మీద సార్డీన్ చేపలు, కింద ఒక రొట్టె ముక్క, పొగలో పాటలు. ఆ ఒక్క రాత్రికి ఏ బల్లా బుక్ చేయకండి.